పశువుకు దీవెన, గుడికి కోడె

ఆ మధ్య విశాఖపట్నంలో జరిగిన ఒక విద్యార్థుల అధ్యయన గోష్ఠిలో ఒకమ్మాయి లేచి ఒక ప్రశ్న వేసింది. "మనిషికి జబ్బు చేస్తే మొక్కుకుంటారు, తాయెత్తు కడతారు, ప్రార్థన చేయిస్తారు. పశువుకు జబ్బు చేసినా ఇవన్నీ చేయిస్తారు. పశువుకు దీవెన ఇప్పించడం సబబేనా?" అని అడిగింది. సభలో కొందరు నవ్వారు. "మనిషికే పనిచెయ్యనిది పశువుకేం పనిచేస్తుంది?" అని ఒక మిత్రుడు ఒక్క మాటతో తేల్చేశాడు. మరొక పెద్దమనిషి, అది తాతముత్తాతల నాటి ఆచారమనీ, అందులో మనం వేలు పెట్టనక్కరలేదనీ అన్నాడు. చర్చ అక్కడితో ఆగి, గోష్ఠి మరొక విషయంలోకి పోయింది.

ఆ రెండు జవాబులూ నాకు తృప్తినివ్వలేదు. మొదటిది శాస్త్రరీత్యా నిజమే. కాని దీవెన ఎందుకు పుట్టిందో, ఇన్ని శతాబ్దాలు ఎందుకు నిలిచిందో అది చెప్పదు. రెండవది చరిత్రను గౌరవిస్తున్నట్టు కనిపిస్తుంది గాని, ఆ ఆచారం ఎప్పుడూ ఒకే తీరుగా లేదన్న సంగతిని మరుగుపరుస్తుంది. దీవెన పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్నతో పాటు మరి రెండు ప్రశ్నలు వేయాలని నా అభిప్రాయం. దీవెన ఎవరికి అవసరమైంది? దాని ఖర్చు ఎవరు భరించారు? ఈ వ్యాసంలో ఆ రెండింటినీ చారిత్రకంగా పరిశీలించడానికి ప్రయత్నిస్తాను.

నాకు ఈ ప్రశ్న పుస్తకంలో ఎదురైంది కాదు గనుక మొదట నా అనుభవం చెప్పాలి.

మాది ఇప్పుడు ఉక్కు కర్మాగారం ప్రహరీ లోపల కలిసిపోయిన ఒక పల్లె. 1964 వానాకాలంలో, నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, మా కాడి ఎద్దులు రెండింటికీ గొంతువాపు వచ్చింది. ఆ రోగం సంగతి రైతులకు చెప్పనక్కరలేదు. పొద్దున మేత మానుతుంది, సాయంత్రానికి గొంతు వాచి గురక పెడుతుంది, చాలాసార్లు మర్నాటికి పశువు వుండదు. పశువుల ఆసుపత్రి మాకు చాలా మైళ్ళ దూరం. గెడ్డ పొంగి దారి లేదు. మా అయ్య ఆ రాత్రి శాలలో నిలబడి, ఎద్దులు రెండూ బతికితే ఇంటి కోడెదూడను సింహాద్రి అప్పన్నకు ఇచ్చుకుంటానని మొక్కుకున్నాడు. తెల్లవారేసరికి దాపటెద్దు చచ్చిపోయింది. వలపటిది ఎందుచేతనో బతికింది.

మొక్కు రెండు ఎద్దుల కోసం మొక్కింది. ఒకటి పోయింది గనుక మొక్కు చెల్లదని అయ్య అనుకోవచ్చు. కాని "ఒకటైనా మిగిల్చేడు గదరా" అన్నది మా నాయనమ్మ. దూడను అడవివరం దాకా నడిపించుకుపోయి కొండకు ఇచ్చివచ్చారు. మరి రెండేళ్ళు ఆగితే కాడి కింద చచ్చిన ఎద్దు స్థానంలో నిలవవలసినది ఆ దూడే. అది పోయింది గనుక అయ్య కామందు దగ్గర అప్పు చేసి ఎద్దును కొన్నాడు. ఆ అప్పు వడ్డీతో తీరడానికి నాలుగు పంటలు పట్టింది. రోగం ఒక ఎద్దును తీసుకుంటే, మొక్కు రెండో ఎద్దును తీసుకున్నదని నాకు లెక్క తెలిసింది చాలా ఏళ్ళ తరవాత. అయ్య మాత్రం ఎన్నడూ అలా లెక్క వెయ్యలేదు. ఆ రాత్రి శాలలో ఆయనకు చేయగలిగింది మరొకటి లేదు.

ఇక చరిత్రలోకి వస్తాను.

సింహాచలం గుడిలో పదకొండవ శతాబ్దం చివర, చోళ కులోత్తుంగుని కాలం నుంచీ శాసనాలున్నాయి. పదమూడవ శతాబ్దంలో తూర్పు గాంగ నరసింహదేవుని కాలంలో గుడి ఇప్పటి రూపం సంతరించుకున్నది. ఆ గుడిలో కప్పస్తంభమని ఒక స్తంభముంది. దాన్ని కౌగిలించుకుంటే రోగాలు పోతాయని, సంతానం కలుగుతుందని భక్తుల నమ్మకం. కప్పం చెల్లించే స్తంభం గనుక కప్పస్తంభమైందని ఒక వివరణ వుంది. ఆ వివరణ ఎంతవరకు నిలుస్తుందో గాని, రోగం పోవడానికీ కప్పం కట్టడానికీ జనం మనసులో ఏర్పడిన ముడిని అది బాగానే చూపుతుంది.

ఆ రోజులలో గుడికి పశువు ఏ రూపంలో చేరేది? ద్రాక్షారామం వంటి తీరాంధ్ర ఆలయాల శాసనాలు చూస్తే ఒక పద్ధతి కనబడుతుంది. అఖండ దీపం పెట్టించదలచిన దాత ఇన్ని గొర్రెలనో ఆవులనో గుడికి దానం చేస్తాడు. గుడి వాటిని కాపరులైన బోయలకు అప్పగిస్తుంది. కాపరి రోజూ దీపానికి కావలసిన నేయి కొలిచి ఇవ్వాలి. చోళుల నాటి తమిళ శాసనాలలో ఇలాంటి మందలను చావూ ముసలితనమూ లేని గొర్రెలని వర్ణించారు. చదివినప్పుడు ఇది కవిత్వమనిపిస్తుంది. నిజానికి ఇది ఒప్పందంలోని షరతు. మందలో ఎన్ని చచ్చినా, ఎన్ని ముసలివైనా, లెక్క తగ్గకూడదు. పుట్టిన పిల్లలతో కాపరి ఆ లోటు పూడ్చాలి, నేయి ఆగకూడదు. గుడి లెక్కలో గొర్రెకు చావు లేదంటే, చావు నష్టమంతా కాపరి లెక్కలో పడిందని అర్థం.

దాతకు పుణ్యం, గుడికి నేయి, కాపరికి పూచీ. మధ్యయుగాల నాటి ఈ పంపకాన్ని మనం గుర్తుంచుకోవాలి. తరవాతి కాలంలో రూపం మారినా లోపలి లెక్క చాలాచోట్ల ఇదే.

ఊరి దీవెన దీనికి భిన్నమైనది. అది గుడి ఆస్తికి సంబంధించినది కాదు, రైతు శాలకు సంబంధించినది. కనుమనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో దండ వేసి పూజ చేస్తారు. ఏరువాక పున్నమినాడు ఎద్దులను అలంకరించి దుక్కి మొదలు పెడతారు. రాయలసీమ పల్లెలలో కనుమనాడు ఉప్పుచెక్క అని ఒకటి చేస్తారు. మద్దిచెక్క, నేరేడుచెక్క, నల్లేరు, మారేడుకాయ వంటివి ఎండబెట్టి, దంచి, ఉప్పు కలిపి, ఒక్కొక్క పశువు నోరు తెరిచి మింగిస్తారు. నేరేడుచెక్కలో వగరు గుణముంది, పారుడుకు నాటువైద్యంలో వాడతారు. వట్టి గడ్డి మేసే పశువుకు ఉప్పు అవసరం. అంటే పూజలో ఒక మందు కూడా ఇమిడి వుంది. ఏది మందో, ఏది మంత్రమో విడదీయవలసిన అవసరం ఆ రైతుకు రాలేదు.

ఊళ్ళో రోగం పడినప్పుడు చేసే పని కూడా అలాంటిదే. మా ఊళ్ళో పొలిమేర దగ్గర వేపమండల తోరణం కట్టి, సాంబ్రాణి పొగ వేసి, ఊరి పశువులన్నిటినీ దాని కింది నుంచి తోలేవారు. ఆ మూడు రోజులూ పైఊరి పశువు ఊళ్ళోకి రాకూడదు, ఊరి పశువు బయటికి పోకూడదు. పొలిమేర కట్టడం దేవతకోసమే అన్నారు. కాని పశువుల రాకపోకలు ఆపడమే అంటురోగానికి మొదటి కట్టుబాటని ఇప్పుడు ఏ పశువైద్యుడైనా చెబుతాడు. మద్రాసు బిషప్పుగా పనిచేసిన హెన్రీ వైట్‌హెడ్ దక్షిణదేశపు గ్రామదేవతల మీద 1916లో ప్రచురించిన గ్రంథంలో, తెలుగు పల్లెలలో జాతరలు, పొలిమేర చుట్టూ పొలి చల్లడం వివరంగా రాశాడు. ఆయనకు అందులో ముఖ్యంగా కనిపించింది మూఢత్వం, భయం. నిజమే, భయమున్నది. ఎద్దు చస్తే ఏడాది పంట చస్తుంది గనుక ఆ భయానికి భౌతిక కారణమున్నది.

అయితే ఊరి దీవెనను కూడా మనం మరీ పొగడకూడదు. పొలిమేర దాటించిన రోగం పక్క ఊరికి పోతుందని తెలిసే దాటించారు. ఇంకొక సంగతి. పశువు చచ్చాక దాన్ని ఈడ్చుకుపోయి చర్మం ఒలిచే పని ఊరు దళితుల మీద పెట్టింది. దొమ్మ రోగంతో చచ్చిన పశువును కోస్తే ఆ రోగం మనిషికి అంటుకుంటుంది. విశాఖ జిల్లాలో మనుషులకు చర్మం మీద దొమ్మ పుళ్ళు లేచిన ఉదంతం 2005లో వైద్యపత్రికకు ఎక్కింది. బతికివున్న పశువుకు పసుపూ కుంకుమా పెట్టిన ఊరు, చచ్చిన పశువును మోసే మనిషికి ఏ రక్షా కట్టలేదు. దీవెన ఎవరి దగ్గర ఆగిపోతుందో చూస్తే ఆ సమాజపు మెట్లు తెలుస్తాయి.

ఇక్కడ మనవాళ్ళే ఇలా చేశారని, పాశ్చాత్యులు మొదటి నుంచీ శాస్త్రం పట్టుకున్నారని అనుకోవడం పొరపాటు. రోమన్ కాథలిక్ పూజావిధిలో జబ్బుచేసిన పశువులకు ప్రత్యేకమైన దీవెన వుంది. జనవరి 17న, సెయింట్ ఆంథోనీ పండుగనాడు, రోము నగరంలో పశువులను చర్చి ముందుకు తెచ్చి దీవింపజేస్తారు. కాని 1711లో పెద్దరోగం ఇటలీలోకి వచ్చినప్పుడు పోపు వైద్యుడైన లాంచీసి ఇచ్చిన సలహా వేరు. రోగం సోకిన పశువులను చంపి పూడ్చండి, రాకపోకలు ఆపండి, ఉల్లంఘించినవారిని శిక్షించండి అన్నాడు. పోపు రాజ్యంలో ప్రార్థనలూ జరిగాయి, ఈ కట్టుబాట్లూ అమలయ్యాయి. రోగం అణిగింది కట్టుబాట్ల వల్ల. అదే రోగం తాకిడితో యూరపులో పశువైద్య విద్యకు గిరాకీ పుట్టి, 1761లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో మొట్టమొదటి పశువైద్య పాఠశాల వెలిసింది. ఇంగ్లండులో 1865లో ఆ రోగం పడినప్పుడు చర్చీలలో ప్రత్యేక ప్రార్థనలు చదివారు. 1866లో పార్లమెంటు చట్టం చేసి, రోగం సోకిన పశువులను చంపించి, యజమానులకు నష్టపరిహారం ఇప్పించింది. ఆ పార్లమెంటులో కూర్చున్నవారిలో భూస్వాములు తక్కువేమీ కాదు.

మరి అదే ఇంగ్లండు పాలించిన మన దేశంలో ఏం జరిగింది? పశువుల రోగాలపై నియమించిన విచారణ సంఘం 1871లో నివేదిక ఇచ్చింది. రోగాల లక్షణాలు, నష్టాలు అన్నీ రాశారు. ఇంగ్లండులో లాగా పశువులను చంపించడం ఇక్కడి మతభావాల వల్ల సాధ్యం కాదన్నారు. అది నిజమే కావచ్చు. కాని నష్టపరిహారం ఇవ్వడానికి ఏ మతం అడ్డు వచ్చింది? ఊరూరా వైద్యుణ్ణి పెట్టడానికి ఏ దేవుడు కాదన్నాడు? ప్రభుత్వపు పశువైద్యం చాలాకాలం సైన్యపు గుర్రాల చుట్టూ తిరిగింది. పరిశోధనాలయం 1889లో పూనాలో పెట్టి 1893లో హిమాలయాలలోని ముక్తేశ్వరానికి మార్చారు. మద్రాసులో పశువైద్య కళాశాల 1903లో గాని రాలేదు. రైతు ఎద్దుకు మాత్రం వేపమండే మిగిలింది. ఆ తరవాత అదే రైతును మూఢుడని ఆ పాలకులే రాశారు. శాస్త్రాన్ని అందనివ్వకుండా వుంచి, నమ్మకాన్ని నిందించడం వలస పాలన నేర్పిన అలవాటు. మన గోష్ఠిలో వినబడిన నవ్వులో ఆ అలవాటు కొంచెం మిగిలి వుందేమోనని నా సందేహం.

స్వాతంత్ర్యం తరవాత 1954లో పెద్దరోగ నిర్మూలన కార్యక్రమం దేశవ్యాప్తంగా మొదలైంది. ముక్తేశ్వరంలో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు 1920లలో మేకలలో పెంచి బలహీనపరచిన విషక్రిమితో తయారుచేసిన టీకా దానికి ఆధారం. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955లో వెలిసింది. దేశంలో పెద్దరోగం చివరిసారి కనిపించింది 1995లో. 2006లో భారతదేశానికి ఆ రోగం లేదని ధ్రువీకరణ వచ్చింది. 2011లో ప్రపంచం నుంచే అది తొలగిపోయినట్టు ప్రకటించారు. మానవజాతి పూర్తిగా నిర్మూలించిన రోగాలు ఇంతవరకు రెండే. ఒకటి మశూచి, రెండోది ఇది. వేల ఏళ్ళ ప్రార్థన చేయలేని పనిని టీకా, శీతల పెట్టె, సైకిలు మీద పల్లెకు పోయిన చిన్న ఉద్యోగి కలిసి చేశారు. ఈ విజయాన్ని మనం విద్యార్థులకు చెప్పవలసినంతగా చెప్పడం లేదు.

మా ఎద్దు చచ్చిన మరుసటి ఏడు, వానలకు ముందే, గొంతువాపు టీకాల వాళ్ళు మా ఊరు వచ్చారు. టీకా వేయించుకుంటే పశువుకు దోషమని ఊళ్ళో కొందరు వెనకాడారు. మా అయ్య అందరికంటే ముందు ఎద్దులను పట్టుకొచ్చాడు. వాటి మెడలకు పసుపుతాడు కట్టివుంది. ఆ ఉద్యోగి అది చూసి ఏదో ఎగతాళిగా అన్నాడు. అయ్య కోపం తెచ్చుకోలేదు. "సూదీ ఎయ్యండి బాబూ, తాడూ ఉండనియ్యండి. సూది మీది, తాడు మాది" అన్నాడు. సూది అందుబాటులోకి వచ్చిన రోజున రైతు సూదినే ముందు అడిగాడు. ఆ ఏడు ఆయన దేనికీ దూడను మొక్కలేదు. నమ్మకాన్ని వాదంతో ఓడించడం కన్నా, అవసరం లేకుండా చేయడం ఎంత బలమైనదో నాకు అక్కడ తెలిసింది.

అయితే కథ ఇక్కడ ముగిస్తే అబద్ధమవుతుంది. రోగభయం తగ్గిన కొద్దీ మొక్కు తగ్గాలి. కాని గుడికి చేరే కోడెలు తగ్గలేదు. ఎందుకు?

పూర్వం దేవుడి పేర అచ్చు వేసి వదిలిన ఆంబోతును మనమిప్పుడు తిట్టుగా వాడుతున్నాం. ఒకప్పుడు అది ఊరి మందకు విత్తనపు కోడె. వదిలేముందు ఊరి పెద్దలు మంచి దూడను ఏరేవారు. ఒంగోలు జాతి అంత కాలం దిగజారకుండా నిలవడంలో ఇలా ఏరి వదిలిన ఆంబోతుల పాత్ర వుందని పశుశాస్త్రజ్ఞులు గుర్తించారు. బ్రెజిల్‌లో కోట్లకు పెరిగిన 'నెలోరె' పశువులకు మూలం ఆ జాతే. అప్పుడు దేవుడికిచ్చింది ఇంట్లోకెల్లా మేలైనది. ఆ ఆంబోతు ఏ చేలో మేసినా ఊరు ఓర్చుకున్నది, ఎందుకంటే అది ఊరికి పని చేస్తున్నది.

తరవాత ట్రాక్టరు వచ్చింది. కృత్రిమ గర్భధారణ వచ్చింది. పాలకోసం జెర్సీ ఆవు వచ్చింది. కోడెదూడకు కాడి కిందా పని లేదు, మందలోనూ పని లేదు. తల్లి పాలు అది తాగితే అమ్ముకునే పాలు తగ్గుతాయి. ఇక మా వైపు భూమే పోయింది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని ముప్పై మందికి పైగా ప్రాణాలిచ్చారు. 1971లో శంకుస్థాపన జరిగింది. ఆ హక్కు న్యాయమైనదే. కాని పొలాలు కర్మాగారానికి పోయిన పల్లెలలో శాలలు ఖాళీ అయ్యాయి. మొక్కు మాత్రం మనిషి వెంట కర్మాగారం గేటు దాకా వచ్చింది. మా దగ్గరి బంధువొకడు కాంట్రాక్టు కూలీ. కొడుకు కామెర్లు తగ్గితే కోడెను ఇస్తానని మొక్కుకున్నాడు. అతనికి ఆవు లేదు, దూడ లేదు. సంతకు పోయి, తల్లి పాలు సరిగా మరవని దూడను కొని, ఆటోలో వేసుకుని కొండకు తీసుకుపోయాడు. కూలీ డబ్బులు పదిహేను రోజులవి దానికి పోయాయి.

ఇది మా అయ్య మొక్కును పోలినదే గాని, లోపల పూర్తిగా తలకిందులైంది. మా అయ్య పశువు బతకాలని మొక్కాడు. ఇక్కడ మనిషి బతకడానికి పశువు చెల్లింపు అయింది. దీవెన పొందవలసిన ప్రాణి దీవెనకు రుసుముగా మారింది. పాలు మరవని దూడను తల్లి నుంచి విడదీసి గుంపులో పడేస్తే దానికి పారుడు పట్టడం, చావడం పశువైద్యంలో మొదటి పాఠం. తెలంగాణలో వేములవాడ రాజరాజేశ్వరస్వామి గుడిలో కోడె మొక్కు ప్రసిద్ధమైనది. భక్తులు రుసుము కట్టి కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. సొంత కోడెను సమర్పించేవారూ వున్నారు. 2025లో ఆ ఆలయ గోశాలలో కోడెలు వరసగా చనిపోయిన వార్త అందరూ చదివారు. చోటుకు మించి కోడెలు పోగుపడ్డాయి. తరవాత వాటిని రైతులకు పంచే ఏర్పాట్లు చేశారు. చోళుల నాటి గుడి లెక్కలో గొర్రెకు చావు లేదు. నేటి గుడి లెక్కలో కోడె చావు కనిపించడానికి పత్రికల్లో రావలసి వచ్చింది.

ఇప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు నా జవాబు చెప్పగలను.

జబ్బుచేసిన పశువు దగ్గర రైతు చేతులు జోడిస్తే, పాలవాడు గేదె మెడకు దర్గా తాయెత్తు కడితే, ఒక క్రైస్తవ కుటుంబం మేకకోసం ప్రార్థన చేయిస్తే, నేను అడ్డుపడను. ఆ పశువు ఆ ఇంటి బతుకు గనుక ఆ ప్రార్థనలో ఒక శ్రమజీవి భయమూ ప్రేమా వున్నాయి. టీకా వేయించావా, పశువైద్యుణ్ణి పిలిచావా అని మాత్రం అడుగుతాను. పిలిచినా రాలేదంటే, నా పోట్లాట రైతుతో కాదు, ఆసుపత్రిని ఖాళీగా వుంచిన ప్రభుత్వంతో. 2022లో ముద్దచర్మ వ్యాధి దేశమంతా పాకినప్పుడు టీకా అందని చోట్ల పసుపు నీళ్ళే దిక్కయ్యాయి. అక్కడ తప్పు పసుపుది కాదు.

కాని దీవెన పేర పశువును తీసుకునే సంస్థ సంగతి వేరు. తీసుకున్న ప్రతి దూడకూ మేత, నీరు, వైద్యం పూచీ అది పడాలి. తల్లి పాలు మరవని దూడను తీసుకోనని భక్తుడికి చెప్పాలి. ఎన్ని వచ్చాయి, ఎన్ని బతికాయి, ఎన్ని ఎవరికిచ్చారు అన్న లెక్క గుడి గోడ మీద అందరికీ కనబడేలా రాయాలి. పశువులకు మేత, నీరు, నీడ ఇవ్వకపోవడం 1960 నాటి జీవహింస నిరోధక చట్టం కిందే నేరం. దేవుడి పేరు చెప్పినంత మాత్రాన ఆ చట్టం ఆగదు. ఈ కోరికలలో నాస్తికుడు మాత్రమే కోరదగినది ఒక్కటీ లేదు. భక్తుడు మనకంటే గట్టిగా కోరాలి, దూడ అతనిది గనుక.

మన సంఘాలలో పనిచేసే విద్యార్థులు, ఉపాధ్యాయులు పల్లెకు పోయినప్పుడు మొక్కును వెక్కిరించి వెనక్కి రావద్దు. ఈ ఏడు గొంతువాపు టీకా వానలకు ముందు వచ్చిందా, రాలేదా అని మొదట కనుక్కోండి. రాకపోతే ఊరివాళ్ళతో కలిసి అర్జీ రాయండి. ఆ గోష్ఠిలో ప్రశ్న వేసిన అమ్మాయి నిరుడు సెలవులకు ఊరు పోయి ఆ పనే చేసిందట. అర్జీ మీద మొదటి వేలిముద్ర ఊరి గ్రామదేవత గుడి పూజారిదని చెప్పింది. ఆయనకు రెండు గేదెలున్నాయి.